బయటి ఫోను ఎన్నిసార్లు మోగాలి?

ఆఫీసుల్లో బల్ల మీదుండే ఫోన్లు రెండు రకాలుగా మోగుతాయి. పక్క గదిలోంచో మేడ మీదినుంచో చేస్తే ‘ట్రింగ్’ అని ఒకటి, కాస్త ఆగి మళ్లీ ఒకటి. బయటి లైను మీద వస్తే ‘ట్రింగ్ ట్రింగ్’ అని జంటగా. చాలా ఇంటర్‌కమ్ పెట్టెల్ని కంపెనీవాళ్లు అలాగే పెట్టి పంపిస్తారు. సింగిల్ రింగు, డబుల్ రింగు అంటాం మేము. ఏ ఆఫీసులోనైనా పది రోజులు పనిచేసినవాడి చెవికి ఈ తేడా పట్టేస్తుంది. సింగిల్ రింగంటే సారు కావచ్చు, చెయ్యి దానంతటదే రిసీవర్ మీదికి పోతుంది. డబుల్ రింగంటే ఎవరో పబ్లిక్. మోగనీ.

నేను ముప్పై ఏళ్లుగా విజయవాడలో ఈ పెట్టెలు బిగించి, ప్రోగ్రామింగ్ చేసి బతుకుతున్నవాణ్ణి. బిల్లు పుస్తకం మీద ‘ఈపీఏబీఎక్స్ సేల్స్ అండ్ సర్వీస్’ అని ఉంటుంది. జనానికి మాత్రం నేను ఫోన్లాయన్ని.

పదేళ్ల కిందట ఒక ప్రభుత్వ కార్యాలయానికి కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు నన్ను పిలిపించి, “ఈ రెండు మోతలూ ఒకటే చేయగలవా?” అనడిగారు. ఎందుకండీ అంటే నవ్వి ఊరుకున్నారు. మొదటి ఎక్స్‌టెన్షన్ ముందు కూర్చుని, పాస్‌వర్డ్ కొట్టి, రెండు కోడ్లు మార్చాను. ఐదు నిమిషాల పని. ఆ వారమంతా అక్కడ బయటి ఫోన్లు రెండో రింగుకే ఎత్తారట. తొమ్మిదో రోజున సీనియర్ అసిస్టెంటు ఒకాయన నాకు ఫోను చేసి, “ఏం చేశావయ్యా బాబూ, సార్ ఫోనో బయటి ఫోనో తెలియక చచ్చిపోతున్నాం, ఎప్పట్లా పెట్టేద్దూ” అన్నారు. ఆఫీసరుగారు చెప్పకుండా ముట్టుకోనన్నాను. ఏడాది తిరక్కుండా ఆయనకి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన నన్ను పిలిపించి పాత మోత తెప్పించుకున్నారు. విజిటింగ్ చార్జీ 250 రూపాయలు అక్కడికక్కడే ఇప్పించారు. ప్రభుత్వాఫీసులో నా బిల్లు అంత తొందరగా పాసవడం అదొక్కసారే చూశాను.

ఆఫీసు ఫోను పెట్టెలో ఇలాంటి కోడ్లు వందల్లో ఉంటాయి. బయటి ఫోను ఏ బల్ల మీద మోగాలి, ఎన్ని సెకన్లు మోగాలి, ఎత్తకపోతే ఎవరికి పోవాలి, హోల్డులో పెట్టి మర్చిపోతే ఎంతసేపటికి గుర్తుచేయాలి, ఆ ఆఫీసుకి రాత్రి ఎన్నింటికి మొదలవుతుంది, ఏ బల్ల నుంచి ఎంత దూరం మాట్లాడొచ్చు. చూడ్డానికి ఇదంతా మెకానిక్ వ్యవహారంలా ఉంటుంది. నిజానికి ఒక్కొక్కటీ ఆఫీసు నడిపేవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయం. ఈ ముప్పై ఏళ్లలో నా పక్కన కుర్చీ వేసుకుని ‘ఇన్ని సెకన్లు పెట్టు, ఇక్కడ మోగించు’ అని చెప్పినవాళ్లని చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరూ ‘నీకు తెలియనిదేముంది, చూసి పెట్టెయ్’ అన్నవాళ్లే. చూసి పెట్టేశాను. ఈ ఊళ్లో చాలా ఆఫీసులకి ఫోను చేసినప్పుడు మీరెంతసేపు ఎదురుచూడాలో తేల్చింది నేనే. ఒక్కో ఆఫీసుకి నాకు పట్టిన టైము, మధ్యలో టీతో కలిపి, గంట.

అసలు మనిషి ప్రమేయం లేకుండా ఫోను కలవాలన్న ఆలోచనే ఒక అనుమానంలోంచి పుట్టిందని చెబుతారు. అమెరికాలో కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని శవసంస్కారాల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఎక్స్ఛేంజీలో ఆపరేటరు తనకి రావలసిన ఫోన్లని పోటీదారుడికి కలుపుతోందని ఆయన అనుమానం. దాంతో ఆపరేటరే అక్కర్లేని యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్టులో అలాంటి మొదటి ఎక్స్ఛేంజీ పెట్టారు. ఆపరేటరమ్మ పోయింది, ఆమె కుర్చీలో పెట్టె వచ్చి కూర్చుంది. ఎవరి ఫోను ఎవరికి కలపాలో ఆ పెట్టెకి కూడా ఎవరో ఒకరు చెప్పాలిగదా. ఆ చెప్పేవాడు ఎవరన్నది స్ట్రోజర్‌గారు ఆలోచించినట్టు లేదు.

సెకన్లకి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లకి 2019 గుర్తుచేస్తాను. అప్పట్లో ఒక సెల్ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఫోను పోతే, చేసినవాడి కంపెనీ ఎత్తినవాడి కంపెనీకి నిమిషానికి 6 పైసలు కట్టాలి. జియో తన నెట్‌వర్క్ నుంచి వెళ్లే ఫోన్ల మోతని 20 సెకన్లకి కుదించిందని, తర్వాత పెంచినా 25 దగ్గరే ఆపిందని ఎయిర్‌టెల్ గొడవకి దిగింది. ఎందుకంటే ఎత్తేలోపే మోత ఆగిపోతే అది మిస్డ్ కాల్. అవతలివాడు తిరిగి చేస్తాడు. చేశాడంటే ఆ 6 పైసలు ఇటు నుంచి అటు పోయే బదులు అటు నుంచి ఇటు వస్తాయి. చివరికి ఎయిర్‌టెల్ కూడా 25కే దిగింది. 2019 నవంబర్ 1న ట్రాయ్ కలగజేసుకుని సెల్లుకి 30 సెకన్లు, ల్యాండ్‌లైనుకి 60 సెకన్లు అని కట్టడి చేసింది. ఆ 6 పైసల పద్ధతి 2021 జనవరి 1 నుంచి పోయింది. ఐదారు సెకన్ల మోత మీద కోట్లు చేతులు మారతాయని పెద్ద కంపెనీలకి తెలుసు. మన ఆఫీసులకే, పోనీలే మోగుతుందిగా అని.

మన దేశంలో ఫోను చేసినవాడి చెవిలో వినిపించే మోతకి ఒక లెక్కుంది. 0.4 సెకను మోత, 0.2 ఖాళీ, మళ్లీ 0.4 మోత, తర్వాత 2 సెకన్ల నిశ్శబ్దం. మొత్తం 3 సెకన్లు. అంటే 30 సెకన్లకి పది జంటలు, 60కి ఇరవై. పెట్టెలో ‘ఎత్తకపోతే పక్క బల్లకి’ అనే టైము 12 అని పెడితే నాలుగు జంటలు. కుర్చీలో మనిషి ఉంటే నాలుగు చాలా ఎక్కువ. వెనక ర్యాకులో ఫైలు వెతుకుతుంటే నాలుగు చాలవు. మొదట్లో నేనూ పెట్టెతోపాటు వచ్చిన అంకెల్నే ఉంచేసేవాణ్ణి. తర్వాత్తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ఆ గదిలో ఫోనుకి బాగా దూరంగా ఉన్న కుర్చీ నుంచి మామూలు నడకన నడిచి, ఎన్ని సెకన్లు పడితే దాని మీద ఇంకో మూడు వేసి పెడతాను. ఒకచోట తొమ్మిది వచ్చింది, ఇంకోచోట పంతొమ్మిది. కంపెనీ పుస్తకంలో ఈ పద్ధతి లేదు. నన్ను చూసి అటెండర్లు నవ్వుతారు. నవ్వితే నవ్వారు.

రాత్రి మోత సంగతికి వస్తే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా అమ్మని ఒక ఆస్పత్రిలో చేర్చాం. పేరెందుకు, అక్కడి పెట్టె బిగించింది నేనే. రాత్రి పదిన్నరప్పుడు, అమ్మ దగ్గరున్న మా తమ్ముడి సెల్లు స్విచాఫ్ వచ్చింది. ఆస్పత్రి ల్యాండ్‌లైనుకి చేశాను. పెట్టె స్వాగతం పలికింది, తర్వాత ఫోను మోగింది, మోగింది, కట్టయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మూడోసారి మోగుతుండగా నాకు వెలిగింది. తొమ్మిది దాటితే పెట్టె నైట్ మోడ్‌లోకి పోతుంది. నైట్ మోడ్‌లో బయటి లైన్లన్నీ ఓపీ రిజిస్ట్రేషన్ కౌంటర్లో మోగుతాయి. అలా పెట్టింది నేను. బిగించిన రోజున రిసెప్షన్లో అమ్మాయిని “రాత్రిపూట ఎక్కడ మోగాలమ్మా?” అనడిగితే, “ఎవరో ఒకరు ఉంటార్లెండి, ఎక్కడో ఒకచోట పెట్టేయండి సార్” అంది. అప్పుడు కళ్లెదుట కనబడింది ఆ కౌంటరు. పెట్టేశాను.

స్కూటరేసుకుని వెళ్లాను. అమ్మ నిద్రపోతోంది, తమ్ముడు చార్జరు వెతుక్కుంటున్నాడు. కిందికొచ్చి ఓపీ కౌంటర్ ముందు నిలబడి నా సెల్లు నుంచి ఆ నంబరు కొట్టాను. దించేసిన షట్టర్ వెనకాల, చీకట్లో, డబుల్ రింగు. పక్కనే స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ నన్ను చూసి, “అది రోజూ మోగుతానే ఉంటదండీ, తాళం సూపర్‌వైజర్‌గారి దగ్గరుంటది” అన్నాడు. ఎన్నాళ్లుగా అని అడిగాను. నేను చేరినకాడి నుంచీ అన్నాడు.

మర్నాడే వెళ్లి రాత్రి ఫోన్లు క్యాజువాలిటీలోనూ మొదటి అంతస్తు నర్సుల బల్ల దగ్గరా ఒకేసారి మోగేట్టు మార్చాను. ఎవరూ ఎత్తకపోతే ఇరవై సెకన్లకి గేటు దగ్గర సెక్యూరిటీకి. బిల్లు రాయలేదు. ఏ ముఖంతో రాస్తాను? అన్ని రాత్రులు ఎంతమంది ఆ షట్టర్‌ని మోగించి వదిలేశారో! ఒక్క ఫిర్యాదూ రాలేదని మేనేజరుగారు ఆశ్చర్యపోయారు. ఎలా వస్తుంది? ‘వాళ్లెత్తలేదు’ అనుకుంటాడు ఫోను చేసినవాడు. ‘మనకి ఫోన్లే రావు’ అనుకుంటారు లోపలివాళ్లు.

ఎత్తని ఫోన్ల లెక్క తీయడం కష్టమేమీ కాదు. ఈ పెట్టెల్లో చాలావాటికి కంప్యూటరో ప్రింటరో తగిలించే పోర్టు ఉంటుంది. ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి ఏ నంబరుకి ఎంతసేపు మాట్లాడారో వరసగా రాసిస్తుంది. సరిగా పెట్టుకుంటే, వచ్చిన ఫోన్లలో ఎత్తనివి ఎన్నో కూడా చాలా పెట్టెలు చెబుతాయి. ఎస్టీడీ బిల్లులు మండిపోతున్న రోజుల్లో ఈ పోర్టుకి భలే గిరాకీ. క్లర్కు మద్రాసులో ఉన్న బావమరిదితో ఎన్ని నిమిషాలు మాట్లాడాడో పట్టుకోవడానికి యజమానులు నా చేత కేబుళ్లు లాగించారు, సాఫ్ట్‌వేర్లు కొనిపించారు. ఎత్తని ఫోన్ల చిట్టా తీసివ్వమని ఇంతవరకు నన్ను అడిగినవారు సున్నా. పోయిన రూపాయి కనబడుతుంది, పోయిన ఫోను కనబడదు.

పెట్టెలో గడియారం ఒకటుంటుంది. దానికి బిళ్లంత బ్యాటరీ. ఆ బ్యాటరీ అయిపోయాక కరెంటు పోయి వస్తే, నేను చూసిన కొన్ని పెట్టెలు 2000 జనవరి 1, శనివారం, రాత్రి 12 గంటలకి వెళ్లిపోతాయి. ఒక కాలేజీలో అడ్మిషన్ల సీజన్లో ఇదే జరిగింది. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి వచ్చింది. పెట్టె లెక్కలో అర్ధరాత్రి. ఫోను చేసిన తల్లిదండ్రులందరికీ ‘కార్యాలయ వేళలు ముగిసినవి’ అని వినిపిస్తోంది. లోపల ముగ్గురు క్లర్కులు ఫోన్ల ముందు కూర్చుని ‘ఈ ఏడు జాయినింగులు డల్‌గా ఉన్నాయి’ అనుకుంటున్నారు. వాళ్లకి అనుమానం వచ్చి నన్ను పిలిచేసరికి నాలుగు రోజులు. బ్యాటరీ ఖరీదు వంద రూపాయల లోపు.

లైన్ల మాటా చెప్పాలి. బందరు రోడ్డులో ఒకాయన వ్యాపారానికి, అమెరికాలో ఉన్న కొడుకు మంచి పెట్టె తెచ్చిచ్చాడు. నాలుగు లైన్లు. ఎవరు ఫోను చేసినా పెట్టే ఎత్తి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. పొద్దున్న తొమ్మిదికి బాగుంటుంది. పదకొండయ్యేసరికి నాలుగు లైన్లూ ఎంగేజి. ఆఫీసులో మాత్రం ఒక్కరూ ఫోన్లో ఉండరు. వాళ్లు కనిపెట్టిన వైద్యం ఏమిటంటే, పెట్టె స్విచ్చి ఆపి వేయడం, రోజుకి మూడుసార్లు.

బయటి లైన్లు వచ్చి చేరే క్రోన్ స్ట్రిప్ దగ్గర టెస్ట్ ఫోను తగిలించి విన్నాను. లైనులో పెట్టె గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుపోతోంది. అవతలి మనిషి ఎప్పుడో పెట్టేశాడు. మాటకీ మాటకీ మధ్య ఖాళీలో ‘బూ... బూ... బూ’ అని మన ఎక్స్ఛేంజీ ఎంగేజ్ టోను వినిపిస్తోంది. అమెరికాలో ఫోను చేసినవాడు పెట్టేస్తే చాలాచోట్ల ఎక్స్ఛేంజీ లైనులో కరెంటుని ఒక్క క్షణం తెంపుతుంది, పెట్టె దాన్ని బట్టి లైను వదిలేస్తుంది. మన మామూలు లైన్లలో చాలావాటికి ఆ సంకేతం రాదు, టోను విని తెలుసుకోవాలి. ఆ టోనేమో అక్కడ అర సెకను మోత, అర సెకను ఖాళీ. ఇక్కడ 0.75 మోత, 0.75 ఖాళీ. ఆ పావు సెకను తేడాతో పెట్టె దాన్ని ఎంగేజ్ టోనుగా గుర్తుపట్టలేదు. అవతల ఎవరో ఉన్నారనుకుని వాళ్లకి మర్యాద చేస్తూ కూర్చుంది. 50, 50 అని ఉన్నచోట 75, 75 అని కొట్టాను. పావుగంట తర్వాత నాలుగు లైన్లూ ఖాళీ. పెద్దాయన, “ఇంతేనా?” అన్నారు. ఈ వృత్తిలో నేను ఎక్కువసార్లు విన్న మాట అది, బిల్లు ఇచ్చేముందు.

ఇంకోటి, చిన్నది. రిసీవర్ పెట్టే మీటని టక్కున నొక్కి వదిలితే, దాన్ని ‘పెట్టేశాడు’ అనుకోవాలా, ‘ఇంకొకరికి కలపబోతున్నాడు’ అనుకోవాలా అన్నది పెట్టెకి ఒక సమస్య. దానికి ఫ్లాష్ టైము అని ఉంటుంది. ఒకచోట అది మరీ ఎక్కువ పెట్టి ఉంది. టైపిస్టు ఒకావిడ మాట అయిపోగానే మీట నొక్కి ఇంకో నంబరు కొట్టబోయేది. పాత మనిషి హోల్డులోకి పోయేవాడు. ఈవిడ రిసీవర్ పెట్టగానే ఫోను మోగేది. “చెప్పండి” అని ఈవిడ, “మీరే చెప్పాలి” అని ఆయన. నెల రోజులు ఇద్దరూ ఒకరి మతిమరుపు మీద ఒకరు జాలిపడ్డారు.

ఇక సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ సెల్లుకి చేసినా ముందు సున్నా కొట్టాలన్నారు. 254.4 కోట్ల కొత్త నంబర్లకి చోటు దొరుకుతుందని టెలికం శాఖ చెప్పింది. సరే, మంచిదే. ఆ రోజు కనుమ. మినప గారెలు పళ్లెంలో ఉండగానే నాకు హోటళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కారణమేమిటంటే, అంతకుముందు పాతికేళ్లుగా నేనూ నాలాంటివాళ్లూ ఊరూరా వేసిన తాళం పేరే సున్నా తాళం. ఎక్స్‌టెన్షన్ నుంచి సున్నాతో మొదలయ్యే నంబరు కొడితే పోనివ్వకు అని పెట్టెకి చెబితే ఎస్టీడీ బందు. ఇప్పుడు సెల్లులన్నీ సున్నాలోనే పడ్డాయి. పోనీ 06, 07, 08, 09 వదిలేద్దామంటే, మన విజయవాడ 0866, గుంటూరు 0863, విశాఖ 0891, వరంగల్ 0870. అన్నీ 08లోనే. సెల్లుకి తలుపు తీస్తే ఎస్టీడీ కూడా నడిచొచ్చేస్తుంది.

వస్తే ఏమైంది? ల్యాండ్‌లైన్ ప్లాన్లు చాలావాటిలో దేశమంతా మాట్లాడినా ఒకటే బిల్లు. తాళం వేసిన కారణం ఎప్పుడో పోయింది, తాళం మిగిలింది. ఇవాళ్టికీ ఎంక్వయిరీ అని బోర్డున్న బల్ల మీది ఫోను నుంచి సెల్లుకి చేయలేని ఆఫీసులు నాకు తెలుసు. జనం మాట వినడానికి కూర్చోబెట్టిన మనిషికి, ‘మీ కాగితం రెడీ అయిందండీ’ అని ఆ జనానికి తిరిగి చెప్పే దారి లేదు. ఆవిడ పాపం తన సొంత సెల్లు నుంచి చేస్తుంది. ఇంకోచోట సున్నా కొడితే లైను వస్తుంది, మళ్లీ సున్నా కొడితేగాని సెల్లు తగలదు. ఫోను మీద ‘రెండు సున్నాలు’ అని చీటీ అంటించి ఉంది. ఎవరూ చదవరు.

అందరి చేతుల్లో సెల్లులుండగా ఈ పాత పెట్టెల గోలేమిటంటారు. మా అబ్బాయి కూడా అదే అంటాడు. వాడు హైదరాబాద్‌లో క్లౌడ్ టెలిఫోనీ కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయినసారి వచ్చినప్పుడు వాడి ల్యాప్‌టాప్ చూపించమన్నాను. వరసలో ఎంతసేపు ఉంచాలి, ఎవరూ ఎత్తకపోతే ఎక్కడికి పంపాలి, ఆఫీసు వేళలు ఏవి. నేను చీకటి మెట్ల కింద, బల్లులు దూరిన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని కొట్టిన అంకెలే అవి, రంగురంగుల తెర మీద. “ఇవి ఎవరు చెబితే పెడతావురా?” అన్నాను. “ఎవరూ చెప్పరు నాన్నా, డిఫాల్టే ఉంచేస్తాం” అన్నాడు.

ఇంతవరకు చెప్పినవాటితో కాలం వృథా అవుతుంది, బేరం పోతుంది. ప్రాణం మీదికి వచ్చేదొకటి ఉంది. చిన్న పెట్టెల్లో చాలావాటికి ఎక్స్‌టెన్షన్ నంబర్లు 101 నుంచి మొదలై వరసగా పోతాయి. ఎనిమిదో ఫోను 108. మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. అంతకుముందు బిగించిన పెట్టెలకి ఆ సంగతి తెలియదు, తర్వాత బిగించిన మాకు తట్టలేదు. ఆటోనగర్లో ఒక షెడ్డులో కుర్రాడు లేత్ మీద చెయ్యి పెట్టేసుకున్నాడు. సూపర్‌వైజర్ దగ్గర్లో ఉన్న ఫోనెత్తి 108 కొట్టాడు. రెండో రింగుకే ఎత్తారు. “స్టోర్స్.” ఈయన అడ్రసు చెబుతున్నాడు, ఆయన ఇండెంటు నంబరు అడుగుతున్నాడు. అర నిమిషం తర్వాత ఎవరో సెల్లు నుంచి చేశారు. కుర్రాడికి రెండు వేళ్లు పోయాయి. ఆ అర నిమిషం వల్ల కాదని డాక్టర్లు చెప్పారు. అయినా ఆ పెట్టె ప్రోగ్రామింగ్ చేసినవాడికి అది మనసులోంచి పోదు.

అమెరికాలో దీనికొక చట్టమే వచ్చింది. 2013 డిసెంబర్లో టెక్సాస్‌లోని మార్షల్ అనే ఊళ్లో, మోటెల్ గదిలో కారీ హంట్ అనే ఆమెని విడిగా ఉంటున్న భర్త పొడిచి చంపాడు. తొమ్మిదేళ్ల కూతురు గదిలోని ఫోను నుంచి నాలుగుసార్లు 911 కొట్టింది. బయటి లైనుకి ముందు 9 కొట్టాలని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? తనకి నేర్పినట్టే కొట్టింది. 2018లో ‘కారీస్ లా’ అయింది. 2020 ఫిబ్రవరి 16 నుంచి అక్కడ కొత్తగా బిగించే ఏ పెట్టె నుంచైనా 911 నేరుగా తగలాలి, తగిలినట్టు ఆ భవనంలోనూ ఎవరికో ఒకరికి తెలియాలి.

మన ఆఫీసుల్లో ఆ పనికి చట్టం కోసం ఆగనక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్లని 201 నుంచి మొదలెడితే సరి. చాలా పెట్టెల్లో ఎమర్జెన్సీ నంబర్లు రాసుకునే పట్టిక ఉంటుంది. 100, 101, 108, 112 అందులో రాస్తే ఎంత తాళం వేసిన ఫోనుకైనా వాటికి అడ్డుండదు. పావుగంట పడుతుంది. ఆటోనగర్ షెడ్డులో నాకు పట్టింది అంతే. కొత్త నంబర్ల లిస్టు టైపు చేయించి గోడకి అంటించడానికే వాళ్లకి రెండు నెలలు పట్టింది.

ఆఫీసులు, ఆస్పత్రులు, కాలేజీలు నడిపేవాళ్లకి నా మనవి. ఈసారి ఫోన్లాయన వచ్చినప్పుడు అరగంట అతని పక్కన కూర్చోండి. రాత్రి ఎక్కడ మోగాలో, ఎన్ని సెకన్లు మోగాలో మీ నోటితో చెప్పి, ఒక కాగితం మీద రాయించి, సంతకం పెట్టి పెట్టె తలుపు లోపల అంటించండి. మా వాళ్లు వచ్చేలోపు మీరొక్కరే చేసుకోగలిగిన పని కూడా ఒకటుంది. రిసెప్షన్ వెనక గోడ మీద ఇంటర్‌కమ్ నంబర్ల లిస్టు ఉంటుంది. రేపు లోపలికి వెళ్లేటప్పుడు ఆగి, 108కి ఎదురుగా ఎవరి పేరుందో చూడండి.